ఝాన్సీగారి ఆరు గొంతుల సింథసైజర్

నా ఉద్యోగం ఆఖరి ఏడాది, మిర్చి యార్డుకి సరుకు పోటెత్తే మార్చి నెలలో నన్ను గుంటూరు సర్వీస్ సెంటర్‌కి సీనియర్ సర్వీస్ ఇంజనీరుగా బదిలీ చేశారు. మా కంపెనీ కీబోర్డులు, సింథసైజర్లు, మిక్సర్లు అమ్మేది, పాడైతే బాగుచేసేది. ఇటు పెదకాకాని నుంచి అటు ఒంగోలు మీదుగా పొదిలి దాకా నా పరిధి. పెళ్లి ఆర్కెస్ట్రాలు, చర్చి గాయకులు, భజన బృందాలు, నాటక సమాజాలు మా ఖాతాదారులు. ఆ ప్రాంతంలో ఏ కీబోర్డు మూత విప్పినా లోపల సన్నటి కారపు దుమ్ము ఉంటుంది. ముందు తుమ్ములు, తరవాతే రిపేరు.

చేరిన కొత్తల్లోనే చీరాల నుంచి ఝాన్సీగారనే ఆవిడ ఒక పాత సింథసైజర్ని వ్యాన్‌లో వేయించుకుని వచ్చారు. పౌరాణిక నాటకాలకి హార్మోనియం బదులు కీబోర్డు వాయించడం ఆవిడ వృత్తి. తండ్రి హార్మోనిస్టు, ఆయన దగ్గరే నేర్చుకున్నారట. నలభై ఏళ్ల కిందటి ఆ యంత్రాన్ని మూలమూలలా తుడిచి ఉంచిన తీరు చూస్తే, కొన్నవాళ్లు ఇంత బాగా చూసుకోవడం నా సర్వీసులో అరుదనిపించింది.

దాని సంగతి కొంచెం చెప్పాలి. ఇప్పటి కీబోర్డుల్లో చాలావాటిలో వీణ, వేణువు, వయొలిన్ వంటి ధ్వనులు ముందే రికార్డు చేసి ఉంటాయి. పాత సింథసైజర్ అలా కాదు, నాదాన్ని విద్యుత్తుతో అప్పటికప్పుడు పుట్టిస్తుంది. ఈ మోడల్‌లో అందుకు ఆరు కార్డులున్నాయి. ఒక్కో కార్డుని మేం ఒక్కో ‘గొంతు’ అంటాం. మెట్లు నొక్కుతున్న కొద్దీ గొంతులు వంతులవారీగా పలుకుతాయి. వీటికి వేడి పడదు. వేడెక్కితే శ్రుతి జారుతుంది.

పరీక్షిస్తే నాలుగో గొంతు చెడిపోయిందని తేలింది. అందులోని చిప్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. విడిభాగం దొరకని యంత్రానికి సర్వీసు ఆపి, ఖాతాదారుకి కొత్త మోడల్ చూపించమని మా నిబంధన. చూపించాను. ఆవిడ ఓ గంటసేపు దాని ముందు కూర్చున్నారు. ఉరుము, వాన, శంఖం, కొమ్ముబూర అన్నీ పలికించారు. తంబుర నాదం వింటూ కళ్లు మూసుకున్నారు. బేరం కుదిరినట్టే అనుకున్నాను.

“దీనికి వంక పెట్టడానికేం లేదండీ. ఇది కూడా తీసుకుంటాను. కానీ పాతది నాకు వచ్చే వారానికి కావాలి,” అన్నారు.

కారణం అడిగితే కోటేశ్వరరావుగారి సంగతి చెప్పారు. ఆయనది పొదిలి. రాజు వేషాలకి పేరున్న నటుడు. ఒకప్పుడు ఐదు శ్రుతిలో, అంటే బాగా హెచ్చు స్థాయిలో, అవలీలగా పాడిన మనిషి. గొంతుకి ఆపరేషన్ అయ్యాక రెండేళ్లు ముఖానికి రంగు వేసుకోలేదు. వచ్చే వారం ఒంగోలు నాటక పోటీల్లో మళ్లీ వేషం కట్టబోతున్నారు. నాలుగు శ్రుతిలో మొదలుపెట్టగలరు గానీ, పద్యం సగంలో గొంతు కొద్దికొద్దిగా దిగిపోతుందట.

“మీరు ఒక స్వరం పట్టి నిలబెట్టండి. మెల్లగా కిందికి జారండి,” అన్నారు నాతో.

నాకు సంగీతం రాదు. అయినా కూనిరాగం మొదలుపెట్టాను. ఆవిడ కుడిచేత్తో శ్రుతి వాయిస్తూ, ఎడమచేత్తో పాత యంత్రం మూలనున్న ట్యూనింగ్ నాబ్‌ని వెంట్రుకవాసి చొప్పున తిప్పారు. నేను ఎంత దిగానో నాకే తెలియలేదు. కాళ్ల కింద నేల ఉన్నట్టే అనిపించింది. ఆయనకీ ఇలాగే తెలియకూడదని ఆవిడ ఉద్దేశం.

కొత్త మోడల్‌లోనూ ట్యూనింగ్ మార్చవచ్చు. అయితే అందుకు తెర మీద పేజీలు తిప్పాలి. మార్చినా, మెట్టు వదిలి మళ్లీ నొక్కితే గాని నాదం మారదు. నాదాన్ని వంచే చక్రం ఒకటుంది గానీ, వేలు తీయగానే అది మధ్యకి వచ్చేస్తుంది. పద్యమంతా దాన్నే పట్టుకుని కూర్చోలేరు. పాత యంత్రంలో నాబ్ ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. ఈ తేడా నాకు తెలియనిది కాదు. దానితో ఒక మనిషిని నిలబెట్టవచ్చని మాత్రం అంతవరకు తట్టలేదు.

రీజినల్ మేనేజర్‌కి ఫోన్ చేసి వివరించాను. ఖాతాదారు ఒప్పుకుంటే, గ్యారంటీ ఇవ్వకుండా చేయమన్నారు. ఉబ్బిన కెపాసిటర్లు మార్చాను. స్లైడర్లు శుభ్రం చేశాను. నాలుగో గొంతుతో ఒక చిక్కుంది. యంత్రం ఆన్ చేయగానే తన గొంతుల్ని తానే పరీక్షించుకుని, శ్రుతి అందనిదాన్ని పక్కన పెడుతుంది. ఈ నాలుగో గొంతు చల్లగా ఉన్నప్పుడు పరీక్షలో నెగ్గి, వేడెక్కాక స్టేజీ మీద మోసం చేస్తోంది. ఆ కార్డు ఊడదీసి అయిదు గొంతులతోనే నడిపాను. ఏసీ ఆపి, మధ్యాహ్నమంతా వేడి గదిలో ఆన్‌లో ఉంచాను. మిగతావి నిలబడ్డాయి.

ఒంగోలుకి నేనూ వెళ్లాను. ఆరుబయట వేదిక, సాయంత్రమైనా ఉక్క. స్టాండు మీద పై అరలో కొత్తది, కింద పాతది. వోల్టేజి పడిపోకుండా స్టెబిలైజర్ పెట్టి, యంత్రం వెనక చిన్న ఫ్యాను ఉంచి, పక్క తెర చాటున కూర్చున్నాను.

కోటేశ్వరరావుగారు ప్రవేశించగానే చప్పట్లు మోగాయి. మొదటి పద్యం గండం లేకుండా గడిచింది. రెండోది పెద్ద పద్యం. పద్యానికి తాళం ఉండదు కాబట్టి తబలా ఊరుకుంది, శ్రుతి ఒక్కటే ఆయనకి ఆసరా. మూడో పాదం దగ్గర ఝాన్సీగారి ఎడమచెయ్యి నాబ్ మీదికి వెళ్లింది. ఆవిడ చూపు ఆయన మెడ మీదే ఉంది, ఆయన ఊపిరి తీసుకునే తీరు కనిపెడుతున్నారు. రాగం తీసినంతసేపూ గొంతూ శ్రుతీ విడిపోలేదు. పద్యం ముగిసింది.

అప్పుడు జనంలోంచి “వన్స్‌మోర్” అని కేక లేచింది. దాని వెంట మరికొన్ని. ఆ ప్రాంతపు నాటకాల్లో అంతకన్నా గౌరవం లేదు. కాదంటే ప్రేక్షకులని చిన్నబుచ్చినట్టు. ఒప్పుకుంటే, అలిసిన గొంతుతో అదే పద్యం మొదటినుంచి. కోటేశ్వరరావుగారు ఒక్క క్షణం ఆగి ఝాన్సీగారి వైపు తిరిగారు. ఆవిడ నాబ్‌ని మరికాస్త దించి, శ్రుతి పట్టి, తల ఊపారు.

ఆయన పాడారు. మొదటిసారి కన్నా నెమ్మదిగా, రాగం కుదించి, మాట మీద బరువు పెట్టి పాడారు. ఆవిడ ఆయన్ని ఎంత దూరం దిగనివ్వాలో అంతే దిగనిచ్చారు. ముందు వరసలోని న్యాయనిర్ణేత ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం చూశాను. ఉత్తమ నటుడి బహుమతి మాత్రం వేరే సమాజం నటుడికి వెళ్లింది.

నాటకం అయ్యాక గ్రీన్‌రూమ్‌లో కిరీటం తీస్తూ ఆయన ఝాన్సీగారితో, “ఇవాళ గొంతు నిలబడిందమ్మాయ్,” అన్నారు.

“నిలబడిందండీ,” అన్నారావిడ, వైర్లు చుట్టుకుంటూ.

ఆవిడ బయటికి వెళ్లాక ఆయన నన్ను దగ్గరికి పిలిచారు.

“యాభై ఏళ్లు శ్రుతి పక్కన నిలబడ్డవాణ్ణి. అది నాతోపాటు దిగుతుంటే తెలియదా ఇంజనీరుగారూ? నాకు తెలుసని ఆ అమ్మాయితో అనకండి. తెలుసంటే జంకుతుంది. జంకితే చెయ్యి వణుకుతుంది,” అన్నారు.

నేను అనలేదు. ఆ తరవాత రెండు సీజన్లు వాళ్లిద్దరూ కలిసి నాటకాలు వేశారు. నేను రిటైరయ్యాక కూడా ఆ యంత్రానికి సర్వీసు నేనే చేశాను.

యంత్రం పనిచేస్తోందో లేదో మీటరు పెట్టి చెప్పగలం. అది ఏ పనికి కావాలో వాయించేవాళ్లనే అడగాలి. ఆ ఉదంతం తరవాత, ఎవరు ఏ కీబోర్డు తెచ్చినా మూత విప్పేముందు, దాంతో ఏం చేస్తారో ఒకసారి వాయించి చూపించమనేవాణ్ణి. నా తరవాత ఆ సీట్లోకి వచ్చిన ఇంజనీరుకి చార్జి అప్పగించేటప్పుడు కూడా చెప్పింది ఈ ఒక్క మాటే.