విప్పుకోవడానికి వదిలిన గుడ్డ

టైలర్ మాస్టారి దగ్గర బట్టలు కుట్టించుకున్నవాళ్లెవరూ తాము లావయ్యామన్న మాట ఆయన నోట వినలేదు. కొలత తీసి, టేపు మెడలో వేసుకుని, "లోపల గుడ్డ వదిలానండీ. బిగుతైతే తీసుకురండి, కుట్టు విప్పి వదులు చేసి పెడతా" అనేవాడు. అంత మెత్తని మనిషి.

ఆ మర్యాద తనకు తాను కూడా చేసుకోవడమే ఆయన కొంప ముంచింది. ప్యాంటు బిగిసినప్పుడల్లా, షాపులో ఎవరూ లేనప్పుడు, గుట్టుచప్పుడు కాకుండా నడుము కుట్టు విప్పి వదులు చేసుకునేవాడు. లోపలి గుడ్డ చాలకపోతే అదే రంగు ముక్క అతికేవాడు. చెయ్యి తిరిగిన పనివాడు కదా, ఎవరికీ తెలిసేది కాదు. ఆఖరికి ఆయనకే తెలియకుండా పోయింది. మెట్లెక్కితే ఆయాసం, కూర్చుంటే కునుకు, పడుకుంటే గురక. షాపులో కాజాలు కుట్టి బొత్తాలు వేసేది భార్యే. ఆవిడ పోరి పోరి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. షుగరుంది, బీపీ ఉంది, ఒళ్లు తగ్గాలి అన్నాడు డాక్టరు. మాస్టారు బుద్ధిగా తలూపి వచ్చాడు. మాత్రలు గుర్తొస్తే వేసుకునేవాడు, బేకరీకి వెళ్లడం మాత్రం ఏనాడూ మరిచిపోలేదు.

"మా ఇంట్లో అందరం ఇంతేనే. మావి లావు ఎముకలు."

"ఎముకలకి బొజ్జ కూడా ఉంటుందా?" అనేది భార్య.

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. నవ్వే విషయమా అది, ఏం చెప్తాం!

మాస్టారు చెప్పులు విప్పే మెషీను తొక్కేవాడు. ఇనుప పెడలు అరికాలికి తగిలితేనే కుట్టు తన మాట వింటుందని ఆయన నమ్మకం. ఒకరోజు భార్య షాపు ఊడుస్తూ మెషీను కిందికి వంగి, అలాగే ఆగిపోయింది. పెడలు మీద నెత్తురు మరక ఎండి నల్లబడి ఉంది. దాని మీద కొత్త నెత్తురు.

"ఆ కాలు ఇలా పెట్టండి."

"ఉండవే, ఈ జేబు అయిపోనీ."

"ముందు పెట్టండి."

కుడి అరికాల్లో, బొటనవేలి కింద, విరిగిన సూది ముక్క దిగబడి ఉంది. చుట్టూ వాచి చీము పట్టింది. బొటనవేలూ, పక్కవేలూ నల్లబడ్డాయి. ఆ సూది ఎప్పుడు విరిగిందో ఆయనకి గుర్తే లేదు. తొక్కిన ప్రతిసారీ ఇంకాస్త లోపలికి దిగింది కాబోలు.

"అబ్బే, నొప్పే లేదు," అన్నాడు మాస్టారు, ఆవిడకి ధైర్యం చెబుతున్నట్టు.

ఆ మాటకే ఆవిడ గుండె జారిపోయింది. సూది గుచ్చుకుంటే చంటిపిల్లలైనా కెవ్వుమంటారే, ఈయనకి తెలియకపోవడమేమిటి?

"నొప్పి తెలియకపోవడమే మీ జబ్బు మాస్టారూ," అన్నాడు డాక్టరు. "ఒళ్లు పెరిగేకొద్దీ షుగరు ముదిరింది. అది కాలి నరాల్ని తినేసింది. రెండు వేళ్లూ తీసేయాలి. ఇకనైనా బరువు, షుగరు అదుపులో పెట్టుకోకపోతే పాదానికి నేను హామీ ఇవ్వలేను."

"ఆ కాలే మాకు అన్నం పెడుతోందండీ," అన్నాడు మాస్టారు. జీవితంలో మొదటిసారి తన ఒంటిని చూసి తనకే భయం వేసింది.

వేళ్లు పోయాయి. గాయం మానేదాకా మెషీను ముసుగు వేసుకుని ఉంది. మళ్లీ షాపు తెరిచిన రోజు ఆయన ఎవరి బట్టలూ ముట్టుకోలేదు. తన ప్యాంట్లన్నీ తెప్పించుకుని, తిరగేసి, నడుము దగ్గర లోపల మిగిలిన గుడ్డని కుట్టు అంచుదాకా కత్తిరించడం మొదలుపెట్టాడు.

"అయ్యో, అదంతా తీసేస్తే మళ్లీ బిగిసినప్పుడు ఎలాగండీ?"

"బిగియనీ. కాలు ఎలాగూ చెప్పదు, ప్యాంటైనా చెప్పనీ."

ఆవిడ నేల మీద కూర్చుని, ఆయన ఎడమకాలు ఒళ్లోకి తీసుకుని, అరికాలంతా తడిమి చూసింది. ఎక్కడా గాయం లేదు. మడమ దగ్గర గోటితో గట్టిగా నొక్కింది.

"నొక్కుతున్నాను, తెలుస్తోందా?"

మాస్టారు కత్తెర ఆపి కిందికి చూశాడు.

"ఎక్కడ?" అన్నాడు.