ఊఁ కొట్టే మిషను

రత్నాలు హుకుంపేట పక్క కాఫీ తోటల మనిషి. రెండువేల ఆరులో, పట్నం నుంచి వచ్చిన పరిశోధకురాలు స్వాతి ఆమెకొక వింత ఉద్యోగం ఇచ్చింది: మిషనులా మాట్లాడటం. రైతులు తోటల గురించి ఫోనులో అడిగితే జవాబు చెప్పే మిషను ఇంకా తయారు కాలేదు. తయారైతే జనం దానితో ఎలా మాట్లాడతారో ముందు తెలియాలి. అందుకని ఒక గదిలో రైతు ఫోను పట్టుకుంటే, పక్క గదిలోంచి రత్నాలు మిషనై పలకాలి. రైతు చెప్పడం అయ్యేదాకా కిక్కురుమనకూడదు. ఆడమనిషి నోరు కట్టుకుని కూర్చోవడం మాటలా?

మొదటి రోజే ఆమె మేనత్త తవిటమ్మ వచ్చింది. ఆ ఊళ్లలో కష్టం చెప్పాలంటే మొదట్నుంచీ చెప్పాలి, వినేవాళ్లు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే మనిషిని తీసిపారేసినట్టే. "మిరియాల తీగ మా ఆయన పోకముందు నాటినాడు..." అని మొదలెట్టి, అవతల చడీచప్పుడూ లేకపోయేసరికి ఆగిపోయింది.

"ఇనేటోళ్లే లేరు, ఏటి సెప్తాను?" అని ఫోను పెట్టేయబోయింది.

రత్నాలు ఉండబట్టలేక "ఊఁ" అనేసింది.

ఇంకేముంది, తవిటమ్మ గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పి, జవాబు విని వెళ్లింది. ఉద్యోగం ఊడిందనుకుంది రత్నాలు. స్వాతి కోప్పడకపోగా, ఊఁ కొడితేనే జనం చెబుతారని తెలిసిందని సంబరపడింది. రత్నాలు చేతే ఊఁలు, జవాబులు పలికించి రికార్డు చేసుకుంది.

మరుసటి ఏడు నిజం మిషను వచ్చింది, రత్నాలు గొంతుతో. అదే ఏడు తవిటమ్మ కాఫీ మొక్కలకు కాండం తొలిచే పురుగు పట్టింది. ఆమెకున్న ఆధారమంతా ఆ తోటే. రత్నాలుని వెంటబెట్టుకుని ఆ గదికే వచ్చి, స్పీకరు ఫోను ముందు కూర్చుంది.

"ఆయన సేత్తో ఏసిన మొక్కలు. జొరంతో కూడా నీళ్లు మోసినాడు."

"ఊఁ."

"ఆ మొక్కలు పోతే నాకింకేటుంది?" తవిటమ్మ ఫోను మీదికి వంగింది.

"ఊఁ" అంది మిషను, అంతే హుషారుగా. వెంటనే, "పురుగు పట్టిన మొక్కలు పీకి కాల్చేయండి" అంది.

తవిటమ్మ ఫోను కట్టేసి మేనకోడలి వైపు తిరిగింది. "ఏటే, మీ మావ ఏసిన మొక్కల్ని అంత సులువుగా కాల్చీమంటావా?"

"అది నాను కాదత్తా."

"గొంతు నీదే కదే!"

రత్నాలుకి తల కొట్టేసినట్టయింది. మిషను చెప్పింది తప్పూ కాదు, ఆ మొక్కలు పీకకపోతే తోటంతా పోతుంది. అత్త పక్కన కూలబడి చెయ్యి పట్టుకుంది.

"పీకాలత్తా. మిగతాయి బతకాలంటే పీకాల. రేపు పొద్దున్నే నానూ వత్తాను. ఏ మొక్క మావ ఎప్పుడేసినాడో సెప్పు, ఇంటాను. అన్నీ సెప్పినాకే పీకుదాం."

తవిటమ్మ అప్పుడు ఏడ్చింది.