కత్తెర మాస్టారి ఎర్ర పెన్సిలు

మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు. చిన్నది ఏది కనబడినా కోసిపారేస్తారు. అందుకే భౌతికశాస్త్ర విభాగమంతా ఆయన్ని కత్తెర మాస్టారంటుంది.

ఇంట్లో పన్నెండు సరుకుల చీటీ ఇస్తే మూడింటితో తిరిగొచ్చేవారు.

"ఉప్పేదండీ?" అని భార్య నిలదీసేది.

"కూరలో ఉప్పెంత? చిటికెడు. తీసేశా."

ఆ పూట చప్పిడి కూర కిక్కురుమనకుండా తినేవారట. ఆవిడే విభాగానికొచ్చి చెప్పి నవ్వింది.

పాపం, తప్పు ఆయనది కాదు, వృత్తిది. స్థలాన్ని గళ్ల కాగితంలా గీసి, ముడుల దగ్గర కణాలూ, ముడికీ ముడికీ మధ్య బలరేఖలూ ఎలా ప్రవర్తిస్తాయో లెక్కగట్టడం ఆయన పని. ఉన్నదున్నట్టు రాస్తే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ చేతులెత్తేస్తాయి. అందుకని ముడికొక చిన్న అంకెల పట్టిక పెట్టి, వాటిని ఒకదానికొకటి కలిపి, పెద్ద అంకెలు ఉంచి చిల్లరవన్నీ కోసేస్తారు. ఆ పట్టికల అల్లికనే టెన్సర్ నెట్‌వర్క్ అంటారు.

ఆయన దగ్గర పరిశోధన చేసే శిష్యురాలికి ఆ కత్తెరంటే హడల్. ఆమె ఉద్యోగం గడువు రెండు నెలల్లో ముగుస్తుంది. సొంతంగా, ఒక్క పేరుతో రాసిన పరిశోధన పత్రం ఉంటేనే పొడిగిస్తామని విభాగం తేల్చి చెప్పింది. ఆమె రాసినవన్నీ మాస్టారితో కలిసి రాసినవే. పైగా ఈసారి లెక్క మొండికేసింది.

మాస్టారు ఆమె కంప్యూటర్ తెర మీదికి వంగారు. "పదిహేడో ముడి చూడమ్మా. లోపలికొచ్చిన రేఖలెన్ని? పోయినవెన్ని?"

"రెండొచ్చాయి, ఒకటే పోతోంది సార్. రేఖ ఆగిపోవడానికి కణం కూడా లేదక్కడ."

"చిన్నదని కోసేశావు. కొయ్యడం ఎవరికైనా వచ్చు. ముడి దగ్గర నియమం చెడకూడదు. వచ్చిందంతా పోవాలి."

'మరి ఉప్పు మాటేమిటి సార్?' అన్నది ఆమె నోటిదాకా వచ్చింది, మింగేసింది.

మూడు వారాలకు లెక్క కుదిరింది. ఇద్దరి పేర్లతో పత్రం రాసి ఆయన బల్ల మీద పెట్టింది. మర్నాడది ఎర్రెర్రగా తిరిగొచ్చింది. నలభై పేజీలు పన్నెండయ్యాయి. దానికామె సిద్ధపడే ఉంది. కానీ మొదటి పేజీలో ఆయన పేరే కొట్టేసి ఉంది.

"సార్! ఆలోచన మీదే కదా!"

"అంచనా వేశా. నా వాటా చాలా చిన్నది. తీసేశా."

ఇన్నాళ్లూ ఈయన కత్తెరకు భయపడ్డందుకు ఆమెకు సిగ్గేసింది. వెళ్లి, పత్రం చివర ఒక్క వాక్యం చేర్చి తెచ్చింది: ఈ పనికి మూలమైన ఆలోచన మా మాస్టారిది.

ఎర్ర పెన్సిలు లేచింది.

"అది కోస్తే ముడి దగ్గర లెక్క తప్పుతుంది సార్. ఆలోచన మీ దగ్గర్నుంచి వచ్చింది. వచ్చింది బయటికి పోవద్దూ?"

మాస్టారు పెన్సిలుతో చెవి గోక్కున్నారు. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు.

"సరే, ఉంచు."

ఆ సాయంత్రం ఆయన ఇంటికి ఉప్పు కొనుక్కెళ్లారట. చీటీలో మిగతా పదకొండూ కోసేసి.