నైరుతిలో గొయ్యి

అమలాపురంలో మేడ మీద ఒక గది, అందులో ఒక కంప్యూటరు, గోడకి ఫ్రేము కట్టించిన డిగ్రీ. ఇదీ నా ఆఫీసు. బోర్డు మీద స్ట్రక్చరల్ కన్సల్టెంట్ అని రాయించుకున్నాను గానీ, జనం అడిగేది మాత్రం "ప్లానులు గీసే ఆయన గది ఏదండీ?" అనే. ప్లాను గీసేది వేరే ఆయనండీ, అది పడిపోకుండా లెక్క కట్టేది నేనండీ అని చాలాకాలం సరిదిద్దాను. వాళ్ళు "ఆయ్" అనేసి, వంటగది ఎటు పెడితే మంచిదని అడిగేవారు.

మా సీమలో పడిపోకుండా నిలబెట్టడమే అసలు పని. అంతా గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. గడ్డపార నాలుగు దెబ్బలు వేస్తే నీళ్ళు కనిపిస్తాయి. అయినా నేను పెద్దగా కష్టపడిందేమీ లేదు. నాకు వచ్చేవన్నీ డాబాలూ, కల్యాణ మండపాలూ.

అందుకే కువైట్ నుంచి వచ్చేసిన ఒకాయన మా మేడ ఎక్కి, కొత్తపేట దాటాక పలివెల వెళ్ళే దారిలో రైసు మిల్లు పెడుతున్నానని చెప్పినప్పుడు నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. మిల్లంటే పాతకాలం రేకుల షెడ్డు కాదు. ధాన్యం నిల్వ చేసే ఇనుప సైలోలు రెండు, ఒక్కొక్కటీ నాలుగంతస్తుల మేడంత ఎత్తున. నాకు ఫ్యాక్టరీ పని వచ్చిందని ఆ పూట ఇంట్లో పాయసం చేయించాను.

మిల్లులో ఏది ఎక్కడ రావాలో చెప్పడానికి నాకంటే ముందే వాస్తు సిద్ధాంతి గారు వచ్చి ఉన్నారు. బరువంతా నైరుతిలో ఉండాలన్నారు, సైలోలు ఆ మూలకి వెళ్ళాయి. నాకేం అభ్యంతరం? పెద్దమనిషి, పైగా నాకు రెండు పనులు ఇప్పించినవారు. చిక్కు మట్టి పరీక్ష దగ్గర వచ్చింది. సైలో ఎక్కడ నిలబడుతుందో అక్కడే బోరు వేసి, అడుగున ఏముందో చూడాలి. మిషను తీసుకొచ్చిన మనుషులు నైరుతి వైపు నడుస్తుంటే సిద్ధాంతి గారు చెయ్యి అడ్డం పెట్టేరు.

"నైరుతిలో గొయ్యి తియ్యకూడదండీ. యజమానికి అరిష్టం. ఈశాన్యంలో తీసుకోండి, ఎన్ని కావాలంటే అన్ని."

"మరి రేపు పునాదికి తవ్వాలి కదండీ?" అన్నాడు మిషను మేస్త్రి.

"అది గొయ్యి కాదండీ, బరువుకి పీఠం."

మేస్త్రి నా వంక చూశాడు. ఓనరుగారూ నా వంకే చూశారు. నేను కొబ్బరిబొండం తాగుతున్నాను. మాట్లాడకుండా ఉండటానికి బొండానికి మించిన సాకు లేదు. మూడు బోర్లూ ఈశాన్యంలోనే పడ్డాయి, మూడింటి మీదా కలిపి ఒక నులకమంచం వెయ్యొచ్చు, అంత దగ్గర దగ్గరగా.

మట్టి రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది. నేల ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె అందులోంచి తీసి కంప్యూటరులో కొట్టాను. ఈ డిజైను సాఫ్ట్‌వేరు సంగతి చెప్పాలి. అది తుఫాను గాలిని లెక్కిస్తుంది, భూకంపాన్ని లెక్కిస్తుంది, పునాదిని వెయ్యి గళ్ళుగా కోసి ఒక్కో గడికీ రంగు వేసి చూపిస్తుంది. కానీ ఇచ్చిన అంకె ఎక్కడిదని మాత్రం అడగదు. ఎద్దు ఈనిందంటే దూడని గాట్లో కట్టెయ్యమనే రకం. అంత మొహమాటం ఉన్న యంత్రం ఏ దేశంలో పుట్టిందో గానీ, న్యాయానికి కోనసీమలో పుట్టాల్సింది. గళ్ళన్నీ పచ్చగా వచ్చాయి. బొత్తెడు కాగితాలు ప్రింటు తీసి సంతకం పెట్టాను. ఓనరుగారు వాటిని ఐనవిల్లి తీసుకెళ్ళి వినాయకుడి దగ్గర పెట్టించి తెచ్చేరు. అట్ట మీద కుంకుమ బొట్టుతో నా లెక్కలు ఇంకా నిజంలా కనిపించాయి.

బోర్లు ఎక్కడ వేశారో చూపించే బొమ్మ ఆ కట్టలో ఒక పేజీలో ఉంది. చూశాను, తిప్పేశాను. అదే పొలం, అదే మట్టి అనుకున్నాను.

పునాది గొయ్యి తవ్వడం అయిపోయింది. అడుగున మొదటి కాంక్రీటు వెయ్యడానికి మర్నాడు పొద్దున ముహూర్తం. చూసిపోదామని వెళ్ళి గొయ్యి అంచున నిలబడ్డాను. గేదెకి గడ్డి కోసుకుని పోతున్న ఒక పెద్దావిడ గట్టు మీద ఆగింది. పక్క ఊరావిడే, పిల్లలిద్దరూ టీచర్లట.

"ఏం కడుతున్నారు బాబూ?"

"ధాన్యం పోసుకునే పెద్ద డబ్బాలు మామ్మగారూ."

"చెరువులోనా అండీ?"

"ఇక్కడ చెరువెక్కడిదండీ?"

"మీరు నించున్నదే చేపల చెరువండి. మేం ఊడ్పులకి వచ్చేటప్పుడు నిండా నీళ్ళే. తరవాత పీచు మిల్లోళ్ళు కొబ్బరి డొక్కలు బళ్ళకి బళ్ళు తెచ్చి పోసేరు. ఆ పైన మట్టి తోలి మెరక చేసేరు." తల మీద మోపు కదలకుండా చెయ్యి ఈశాన్యం వైపు చాపింది. "ఆ మూల మాత్రం ఎప్పుడూ గట్టి నేలేనండి. కళ్ళం అక్కడే వేసేవారు."

అంటే మేం పరీక్ష చేయించింది తరతరాలుగా ఎడ్లు తొక్కి చదును చేసిన కళ్ళాన్ని. ఆ కళ్ళం బాగా పాసయింది.

పనివాళ్ళని పొడుగాటి ఇనుప ఊచ ఒకటి తెమ్మన్నాను. గొయ్యి అడుగున ఇద్దరు సుత్తితో కొడుతుంటే మొదట నేల మొరాయించి, ఊచ మనిషి లోతు దిగాక మెత్తబడింది. ఆ తరవాత సుత్తి అక్కర్లేదు, చేత్తో నొక్కితే చాలు. బయటికి లాగితే చివర నల్లటి బురద, అందులో కుళ్ళిన పీచు.

గొయ్యి పక్కనే బస్తాలు మోసేవాళ్ళు పడుకోవడానికి షెడ్డు లేస్తోంది. అక్కడ పెట్టమని డ్రాయింగులో గీసింది నేనే. నిండిన సైలో ఒరిగితే పడేది దాని మీదే. నా పేరు పోతుందన్న భయం ముందు వేసింది, మనుషులు పోతారన్న భయం తరవాత. ఆ వరసకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఓనరుగారికి ఫోను చేసి, ఆయన వచ్చేలోపు ఎవరి మీదికి తోసెయ్యాలా అని ఆలోచించాను. సిద్ధాంతి గారున్నారు, పరీక్ష చేసినవాళ్ళున్నారు, నోరులేని కంప్యూటరు ఉంది. తిలాపాపం తలా పిడికెడు. కానీ కాగితం మీద సంతకం ఒకటే ఉంది.

"రేపటి కాంక్రీటు ఆపెయ్యండి. ఈ పునాది నిలవదండీ," అని ఊచ చూపించాను. "ఇక్కడే మళ్ళీ బోరు వెయ్యాలి. కింద గట్టి మట్టి దాకా కాంక్రీటు పైల్స్ స్తంభాల్లా దింపాలి."

ఆయన ఆ పీచు వేళ్ళతో నలిపి చూశారు. "కంప్యూటరు బాగుందని చెప్పిందన్నారు కదండీ?"

"దానికి మనం చెప్పిందే తెలుసండీ."

"మనమంటే?"

"నేనండీ."

వెంటనే కాంక్రీటు మేస్త్రిని పిలిచి పని ఆపించేరు. ఒక్క కేక వెయ్యలేదు. వేసి ఉంటే నాకు సుఖంగా ఉండేది. మేస్త్రి వెళ్ళాక, "బోర్లు ఆ మూల వేస్తున్నప్పుడు మీరక్కడే ఉన్నారు. అది తప్పని మీకప్పుడే తెలుసాండీ?" అన్నారు.

"ఆయ్," అన్నాను.

"మరి చెప్పలేదేమండీ?"

"వాస్తు సంగతి కదా, మీరు వినరనుకున్నానండీ."

ఆయన నా మొహం చూడకుండా గొయ్యిలోకి చూస్తూ చెప్పేరు. "కువైట్‌లో నేను క్రేను నడిపేవాణ్ణండి. కింద నేల ఎలా ఉందో చూసుకోకుండా ఎప్పుడూ బరువెత్తలేదు. నేనూ ఆ రోజు మీ వంకే చూసేనండి. మీరు ఒక్క మాట అంటే, సిద్ధాంతి గారికి నేనే సర్దిచెప్పుకుందును."

ఏడాదిగా ఆయన నాకు ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నారు. కువైట్‌లో ఏం పని చేసేవారండీ అని నేను ఒక్కసారైనా అడగలేదు.