తాళం తీసిన ఇల్లు

పోయిన నెల ఒక తెల్లవారుజామున నా భార్య కన్నుమూసింది. గుండె ఆగిందని గద్వాల దవాఖానలో చెప్పారు. ఆమెను ఎరిగినవాళ్లు చాలా ఊళ్లలో ఉన్నారు. అందరికీ కబురు చేయలేకపోయాను. అందుకే ఈ నాలుగు మాటలు.

పిల్లలను సరిగా చూడటం లేదని ఫిర్యాదు వస్తే, అధికారులు వాళ్లను హోంకు తరలిస్తారు. అంతదాకా రాకుండా ఆ ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులకు తోడు నిలవడం ఆమె ఉద్యోగం. నేను రిటైరయ్యాక ఆమెను స్కూటర్ మీద తీసుకెళ్లేవాణ్ని. లోపలికి వెళ్లకుండా కిటికీ పక్క అరుగు మీద కూర్చునేవాణ్ని.

ఆమె ఏ ఇంట్లోనూ కుర్చీలో కూర్చోలేదు. వంట వేళకు వెళ్లి, చేట అందుకుని బియ్యంలో రాళ్లు ఏరేది. "ఊకె కూసుంటే అధికారి లెక్క కనపడ్త. పని చేస్తుంటే వాళ్లే చెప్తరు" అనేది. ఇంటికొచ్చాక చేట నా ముందు పెట్టేది. "ఊరోళ్లయి నేనేరిన. మనయి మీరు ఏరుండ్రి."

చివరగా ఆమె వెళ్తూ వచ్చింది గద్వాల దగ్గరి ఒక పల్లెలోని ఇంటికి. భర్త వలసపోయి కబురు లేదు. భార్య పొద్దున్నే విత్తనాల పత్తి చేలో పూలకు పుప్పొడి అద్దే కూలికి పోతుంది. ఇద్దరు పిల్లలను లోపల ఉంచి బయట తాళం వేసేది. ఎవరో ఫొటో తీసి అధికారులకు పంపారు. పిల్లలు ఎక్కడ ఉండాలో తేల్చే బాలల సంక్షేమ కమిటీ ముందుకు ఆమెను రమ్మన్నారు.

"పిల్లల గుంజుకపోనీకొచ్చిన్రా మేడం?" మొదటి రోజు ఆ తల్లి గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"బియ్యం ఏరనీకొచ్చిన. జర జరుగు."

చేట సగమయ్యేసరికి సంగతి బయటపడింది. ఇంటి వెనక మూత లేని నీళ్ల సంపు ఉంది. "తాళమెయ్యకుంటే అండ్ల పడ్తరు మేడం. నన్నేం చెయ్యమంటవు?"

దారిలో నేను, ఎంతైనా తాళం వేయడం తప్పే కదా అన్నాను.

"తప్పే. ముందు ఆమె భయం తియ్యాలె. తాళం ఆమెనే తీస్తది."

సర్పంచ్ వెంటపడి సంపుకు బండ మూత వేయించింది. అంగన్‌వాడీ తెరిచేదాకా పిల్లలను చూడమని పక్కింటి అవ్వను అడిగింది. "పొద్దంత ఒక్కదానివే ఉంటవు. ఇద్దరు దోస్తుల తెచ్చిన."

"అల్లరి చేస్తె నీ ఇంటికే తోల్త" అంది అవ్వ.

కమిటీ తుది విచారణ దినకర్మ మర్నాడు పడింది. ఆ తల్లి ఫోన్ చేసింది. "మేడం లేకపాయె. మా దిక్కు ఎవరు చెప్తరు సార్?"

"అరుగు మీద కూర్చొని అన్నీ విన్న. నేనొస్త."

వెళ్లాను. చూసినదీ విన్నదీ కమిటీకి చెప్పాను. పిల్లలు తల్లి దగ్గరే ఉండవచ్చన్నారు. అయితే ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి చూస్తుండాలన్నారు. నా భార్య స్థానంలో ఆఫీసు కొత్త మనిషిని ఇంకా వేయలేదు. వేసేదాకా నేను వెళ్తాను.

నిన్న మొదటిసారి ఆ గడప దాటాను. తల్లి పొయ్యి దగ్గరుంది. గుమ్మం పక్కనే నిలబడితే, అవ్వ చేట నా వైపు జరిపింది. కూర్చుని రాళ్లు ఏరడం మొదలుపెట్టాను. వాకిట్లో పిల్లల్లో చిన్నది పాత తాళానికి తాడు కట్టి, బండి అంటూ ఈడుస్తోంది.