గోడ మీద లచ్చవ్వ అరచెయ్యి

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. అంజూర్ ఫాటా దగ్గర మేముండే ఈ కొత్త బిల్డింగులో అది ఇప్పుడు అరుదు. ఫ్యాను ఆగి, ఫ్రిజ్ గుర్రు ఆగి, ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యేసరికి నా చెయ్యి దానంతటదే పోయి స్టవ్ వెలిగించింది. "ఇప్పుడే కదా తిన్నం మమ్మీ, అబ్ క్యా బనా రహీ?" అని మా అమ్మాయి అడిగింది. పొద్దుటి అన్నం ఉంది, గాజర్లు, అదే క్యారెట్లు, ఉన్నాయి, సగం క్యాబేజీ ఉంది. వెల్లుల్లి, పచ్చిమిర్చి దంచుతూ లచ్చవ్వ గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె పోయి నెల దాటింది. మా అమ్మాయికి ఆమె సరిగ్గా గుర్తులేదు.

లచ్చవ్వ ఇక్కడికి దగ్గర్లోనే, మగ్గాల పేట కామత్‌ఘర్‌లో భిస్సీ నడిపేది. ఇంటివాళ్లను సొంతూళ్లో ఉంచి, మావాళ్లు సాంచలనే మరమగ్గాల మీద పనికి వచ్చిన మగవాళ్లు నెలకింత అని కట్టి తినే చోటును అక్కడ భిస్సీ అంటారు. ఆమె కూడా వయసులో ఉన్నప్పుడు ఆ మగ్గాల మధ్యే కండెలు చుట్టింది. ఆ మోతకు చెవులు దెబ్బతిన్నాయి. మొహం చూస్తూ గట్టిగా చెబితేనే అందేది. నేను పెళ్లయి ఆ గల్లీకి వచ్చిన కొత్తలో, కూరగాయలు తరగడానికి మనిషి కావాలంటే వెళ్లాను. నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వు బుక్కులు సదువుతవట గదా. సదువుకుంట గాజర్ కొయ్యకు, వేళ్లు తెగుతయి" అంది. అదే నాకు ఉద్యోగం ఇచ్చినట్టు.

ఆ భిస్సీకి గడియారంతో పని లేదు. మగ్గం మీద మనిషికి నేసిన మీటర్ల లెక్కన కూలీ కాబట్టి, కరెంటు ఉన్నంతసేపు ఎవరూ కదలరు. కరెంటు పోయిందంటే గల్లీ గల్లీ ఒకేసారి వచ్చి పడుతుంది. మళ్లీ వచ్చిందంటే సగం తిన్న పళ్లెం వదిలి పరుగెత్తుతుంది. అన్నం వదిలేసి పోవడం లచ్చవ్వ చూడలేకపోయేది. అందుకే మధ్యాహ్నం పూట పప్పూ కూరా మానేసి, గిన్నెలో పెట్టి చెంచాతో తినగలిగే కూరగాయల అన్నం మొదలుపెట్టింది. పొద్దున్నే అన్నం కాస్త పలుకుగా వండి పాత ధోవతి మీద ఆరబోసేది. వేడి అన్నం కడాయిలో వేస్తే ముద్దవుతుందనేది. ఆ తర్వాత పక్క మగ్గాల కార్ఖానాకూ తనకూ ఉమ్మడిగా ఉన్న గోడకు అరచెయ్యి ఆనించి కూర్చునేది. మగ్గాలు ఆడుతున్నంతసేపు ఆ గోడ అదురుతుంది. అదురు ఆగగానే లేచి స్టవ్ అంటించేది. నూనె పొగ పుట్టాక ఆవాలు, పల్లీలు, దంచిన వెల్లుల్లి మిర్చి. ముందు గాజర్, తర్వాత బీన్స్, చివర క్యాబేజీ. మంట తగ్గించేది కాదు. కూరగాయ మెత్తబడకముందే అన్నం పడాలి, పైన నువ్వుల పొడి, నిమ్మకాయ. మనుషులు కాళ్లు కడుక్కుని వచ్చేసరికి మొదటి గిన్నె సిద్ధంగా ఉండేది.

"ఇది చైనా అన్నమా అవ్వా?" అని ఎవరో కుర్రవాడు ఆటపట్టిస్తే, "చైనా ఏడున్నదో నాకేం ఎర్క? కారం తక్కువైతే చెప్పు, చైనా మాట చెప్పకు" అనేది.

ఆమెను అన్నపూర్ణ అని ఎవరైనా అంటే నాకు నచ్చదు. ఆమె తన పని బాగా తెలిసిన మనిషి. అంతే చెబితే చాలు.

ఆ రోజుల్లో కరెంటు కోతలు పెరిగాయి. సాయిలు అని ఒక ముకద్దం ఉండేవాడు, పనివాళ్లను తెచ్చి మగ్గాలకు పెట్టేవాడు. భిస్సీలో తినేవాళ్లలో సగానికి పైగా అతని మనుషులే. వరాలా తలావ్ వైపు కొత్తగా పడిన భిస్సీవాళ్లు మనుషులను తీసుకుని తమ దగ్గరికి రమ్మని అతన్ని పిలుస్తున్నారు. ఒకనాడు వచ్చి, "అవ్వా, నీకు వినరాదు. ఒకడు ఒకటి అడిగితే నువ్వొకటి పెడుతున్నవని మనోళ్లు నవ్వుతున్నరు. రేపు నేనే వచ్చి కూసుంట. చూసి చెప్త" అన్నాడు. వాళ్లు పోతే భిస్సీ మూతపడుతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. "రా. తిను" అని మాత్రం అంది.

మర్నాడు ఇద్దరం అన్నీ సిద్ధం చేసుకున్నాం. ఆమె గోడకు చెయ్యి ఆనించి కూర్చుంది. గోడ అదురుతూనే ఉంది. ఉన్నట్టుండి గుమ్మం నిండా మనుషులు, ముందు సాయిలు. కరెంటు పోయి కొంచెంసేపయిందట. పక్క కార్ఖానా సేటు ఆ పొద్దున్నే జనరేటర్ పెట్టించాడు. గల్లీ అంతా ఆగినా ఆ ఒక్క షెడ్డు ఆగలేదు. ఫ్యాను లేని, పగలు బల్బు వెయ్యని ఆ గదిలో గోడ పక్కనే కూర్చున్న నాకూ ఆ మోతలో ఏమీ తెలియలేదు.

"ఏందవ్వా, పొయ్యి సుత అంటియ్యలే?" అన్నాడు సాయిలు. వెనక ఎవరో నవ్వారు.

నేను ఆమె ఎదురుగా నిలబడి జనరేటర్ సంగతి గట్టిగా చెప్పాను. ఆమె ఆ తప్పును జనరేటర్ మీదికి నెట్టేస్తుందనుకున్నాను. లేచి నిలబడి, అందరి మొహాలూ చూస్తూ, "నాకు తెల్వలే. వినరాదు గద" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గరికి తెచ్చి, "ఇగో, ఈ పిల్లకు వినొస్తది. ఇయ్యాల్టి నుంచి ఇది గల్లీ దిక్కు ఇంటది, నేను వండుత. కూసోండ్రి" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు ఎప్పుడూ ఉండేంత పెద్దదిగానే ఉంది.

రెండు స్టవ్‌లూ అంటించింది. రెండో కడాయి మొదటిసారి నా చేతికి ఇచ్చింది. గాజర్ పడ్డాక ఆమె వైపు చూస్తే తల ఊపేది, అప్పుడు బీన్స్ వేసేదాన్ని. చివరి వరుసకు గిన్నెలు అందుతుండగా కరెంటు వచ్చింది. గల్లీ అంతా ఒక్కసారి మోత లేచింది. కుర్రవాళ్లు గిన్నెలు కింద పెట్టి లేవబోయారు. నేను కడాయిలో మిగిలిన అన్నం వైపు చూశాను.

సాయిలు తన ఖాళీ గిన్నె లచ్చవ్వ ముందుకు చాపాడు. "ఇంకింత ఎయ్యి" అని చేత్తో చూపించి, వెనక్కి తిరిగి, "కూసోండ్రి రా. తిని లేవుండ్రి. సాంచలు ఏడికి వోతయి?" అన్నాడు.

ఆమెకు కరెంటు వచ్చిన సంగతి అప్పటికి తెలియదు. గిన్నె నింపి, "కారం సరిపోయిందా?" అని అడిగింది.

ఆ భిస్సీ ఆ తర్వాత చాలా ఏళ్లు నడిచింది. నేను గుమ్మం దగ్గర వినేదాన్ని, ఆమె వండేది, పోనుపోను నేనూ వండాను. ఆమె చేతి అన్నం ఇప్పుడు నా చేతికి వచ్చిందని ఆ గల్లీవాళ్లు అంటే, కాదనను. గర్వంగానే ఒప్పుకుంటాను. కానీ ఆమె దగ్గర నేర్చుకున్నది వంట ఒక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. తనకు లేనిదాన్ని పదిమంది ముందు లేదని చెప్పి, ఉన్నవాళ్లను తల దించకుండా అడగడం నేను ఆ రోజే చూశాను.

పోయిన ఆదివారం మా బిల్డింగు సొసైటీ మీటింగులో ఒక మరాఠీ కాగితం మీద అందరి చేతా సంతకాలు పెట్టిస్తున్నారు. నాకు తెలుగు చదువు ఎంతున్నా ఆ కోర్టు మరాఠీ అర్థం కాలేదు. లేచి, నాకు ఇది చదవరాదు, చదివి చెప్పండి అన్నాను. సెక్రటరీ ఒక క్షణం నా వైపు చూసి, కళ్లద్దాలు పెట్టుకుని, మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టాడు. నేను నిలబడే విన్నాను.