ముందు బండి

కాగజ్‌నగర్ రైల్వేస్టేషన్ బయట ఆటోవాళ్ల అడ్డాకు ఒక కట్టుబాటు ఉంది. ముందు వచ్చిన బండి ముందు నిలబడుతుంది. రైలు దిగినవాళ్లు ఎవరైనా ఆ బండే ఎక్కాలి. సొంత మేనమామ దిగినా సరే, వెనక బండివాడు దండం పెట్టి ముందుకు పంపాలి. దీన్ని లైను అంటారు. లైనులో చోటున్నవాడికి నంబర్ ఉందంటారు. నంబర్ అమ్మడం లేదు, కొనడం లేదు. తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది.

అమ్జద్‌కు అలాగే వచ్చింది. అతని తండ్రి ముష్తాక్ కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేసేవాడు. మిల్లు మూతపడ్డ ఏడాది, పని పోయిన ప్రతివాడూ అప్పో సప్పో చేసి ఆటో కొన్నాడు. స్టేషన్ బయట బండ్లు ఎక్కువ, దిగేవాళ్లు తక్కువ. చేతిలో సంచి కనిపిస్తే చాలు నలుగురు గుంజేవాళ్లు. ఒకరోజు ఒక ముసలామె ఒక బండిలో, ఆమె మూట ఇంకో బండిలో వెళ్లిపోయాయి. ఆ సాయంత్రమే రాంచందర్ అనే పెద్దాయన అందర్నీ కూర్చోబెట్టి లైను పెట్టాడు. ఇప్పటికీ అడ్డాకు ఆయనే ప్రెసిడెంటు.

ముష్తాక్ ఊపిరితిత్తులు చెడి మంచానపడ్డప్పుడు అడ్డా అతని నంబర్‌ను పక్కన పెట్టలేదు. అతని వంతు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ గిరాకీని తీసుకుపోయి, వచ్చిన కిరాయి అతని ఇంట్లో ఇచ్చేవారు. అమ్జద్ ఇంటర్ చదివింది ఆ వంతు మీదే. కరీంనగర్ వెళ్లి డిగ్రీ చదవాలనుకున్నాడు. తండ్రి పోయాడు. నలభయ్యో దినం ఫాతెహా అయిన మర్నాడు రాంచందర్ ఇంటికొచ్చి, నంబర్ ఖాళీగా ఉంటే పాడైపోతుందన్నాడు. అడ్డా అంతా చేసిన మేలుకు ఎదురు చెప్పే నోరు అమ్జద్‌కు రాలేదు. తాళంచెవి తీసుకున్నాడు. అది జరిగి ఎనిమిదేళ్లు.

లైనులో పని తక్కువ, కూర్చోవడం ఎక్కువ. అమ్జద్ పుస్తకాలు పట్టాడు. పాత కాగితాల దుకాణంలో తూకానికి వచ్చిన పుస్తకాల్లోంచి ఏరుకునేవాడు. అట్ట చిరిగిపోయిన ఒక పుస్తకంలో దేశాలు సంపదను ఎలా పుట్టిస్తాయి, ఎలా పంచుతాయి అని రాసి ఉంది. దాన్ని స్టీరింగ్ మీద పెట్టుకుని అక్షరం అక్షరం నమిలాడు. నమిలినది కడుపులో ఆగలేదు. ఛాయ్ హోటల్ దగ్గర బయటపడింది.

"బ్యాగులు గుంజుకునే కాలం యాదికుందా కాకా? గది ఒక తరీఖ, ఒక పద్ధతి. సొమ్మున్నోడు, బలమున్నోడు గుంజుకుంటడు, కిందపడ్డోని గురించి అడిగేటోడు ఉండడు. బజారే అంతా చూస్కుంటది అంటరు," అన్నాడు రాంచందర్‌తో. "సోషలిజం ఇంకో తరీఖ. పనికి ఆధారమైంది ఏ ఒక్కనిదీ కాదు, అందరిది. వచ్చింది అందరు పంచుకుంటరు, పడిపోయినోన్ని లేపుతరు. మన లైను గదే. లైను అందరిది."

"మరి మన దేశానిది ఏ తరీఖరా?"

"ఖిచిడీ. రైలు సర్కారుది, ఆటో మనది, మిల్లు సేటుది."

"ఖిచిడీల మనం బియ్యమా, పప్పా?"

"మనం అడుగంటినం కాకా."

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి అతనికి సోషలిజం అమ్జద్ అని పేరు పడింది. పక్క బల్ల మీద ఛాయ్ తాగుతున్న మల్లేష్ మాత్రం నవ్వలేదు. వాంకిడి వైపు పల్లె అతనిది. మస్కట్‌లో రెండేళ్లు మట్టి మోసి వచ్చి పాత ఆటో ఒకటి కొన్నాడు. నంబర్ లేదు కాబట్టి స్టేషన్ దగ్గర ఆగనివ్వరు. ఊరి రోడ్ల మీద ఖాళీగా తిరిగి, ఛాయ్‌కి మాత్రం ఇక్కడికి వచ్చేవాడు.

ఇంట్లో అమ్జద్ తల్లి ఖాజాబీకి ఈ పాఠం నచ్చలేదు. ఆమె వారపు అంగళ్లు తిరిగి గాజులు అమ్ముతుంది. బండి నీది, కిస్తీ నీది, లైను ఒక్కటే అందరిదంటావు, సగం పూట పస్తుంటే దాన్ని రోజా ఉపవాసం అంటారా అని ఉర్దూలో అడిగింది. జవాబు కోసం అమ్జద్ పుస్తకం తిరగేశాడు. అందులోనూ అదే ఉంది. పని సాధనం ఎవరిదన్నదే అసలు ప్రశ్న అట. అమ్మ ఆ పుస్తకాన్ని పొయ్యి రాజేయడానికి తప్ప ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ఆడవాళ్లకు సర్కారు బస్సు ఫ్రీ అయింది. ఆటోలెక్కేవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. అడ్డా ఎండిపోయింది. పొద్దున్నుంచి మధ్యాహ్నానికి రెండుసార్లు వచ్చే వంతు ఒకసారి రావడం గగనమైంది. అడ్డావాళ్లు ధర్నా చేశారు. అమ్జద్ కూడా జెండా పట్టాడు. ధర్నా ముందు నుంచే బస్సు పోయింది. కిటికీ పక్కన గాజుల గంపతో ఖాజాబీ ఉంది, ఆసిఫాబాద్ అంగడికి పోతోంది.

సాయంత్రం ఇంటికొచ్చి ఆమె, "నీ సోషలిజం బస్సెక్కిందిరా, నువ్వే చూసుకోలే," అంది.

ఆమె ఎగతాళిలో నిజముంది. పేద ఆడది పైసా లేకుండా ఊళ్లు తిరగడం తప్పని ఏ పుస్తకం అంటుంది? కానీ ఆ పూట అతని బండి కదలలేదు. అందరి మేలూ తన ఆకలీ ఒకే బస్సులో వచ్చాయి. ఆ బస్సును తిట్టలేకపోయాడు, దానికి చప్పట్లూ కొట్టలేకపోయాడు.

ఆ ఎండకాలంలోనే మల్లేష్ తన బండిని తెచ్చి లైను చివర ఆపాడు. కొత్తవాడు నంబర్ అడిగే పద్ధతి అదే. అడిగినవాడు అడ్డా మొత్తానికి ఛాయ్ పోయిస్తాడు. అందరూ తాగితే నంబర్ ఇచ్చినట్టు. ఒక్క గ్లాసు మిగిలినా లేనట్టు. నోటితో కాదని అనాల్సిన పని ఎవరికీ ఉండదు. కొన్నేళ్లుగా ఎవరూ అడగలేదు. అడగొద్దని అందరికీ తెలుసు.

గ్లాసులు వచ్చాయి. ఎవరూ ముట్టలేదు. రాంచందర్ తన గ్లాసును చేతిలో తిప్పుతూ, "అమ్జద్‌ను తాగనియ్. వాడు తాగితే నేన్ తాగుత. చదివినోడు వాడే గద," అన్నాడు. కాదన్న పేరు తన మీద పడకుండా ఎలా తప్పించుకోవాలో ఆయనకు బాగా తెలుసు.

మల్లేష్ ముఖం వెలిగింది. అమ్జద్ దగ్గరికి వచ్చి మెల్లగా, "నువ్ చెప్పిన దినంనుంచే అనుకుంటున్న అన్నా. లైను అందరిదన్నవు గద," అన్నాడు.

అమ్జద్ గ్లాసు అందుకున్నాడు. వేడి వేళ్లకు తగిలింది. తన వెనక నిలబడ్డవాళ్లంతా ఒకప్పుడు తన తండ్రి వంతు మోసినవాళ్లు. వాళ్లందరి ఇళ్లలో పొయ్యి ఎలా వెలుగుతోందో అతనికి తెలుసు. ఇంకొక బండి చేరితే వంతు ఇంకొంచెం దూరం జరుగుతుంది. ఆ దూరం ఎంతో పుస్తకంలో ఉండదు, కడుపులో ఉంటుంది. తాగుదామనే ఎత్తాడు. పెదవి దాకా వచ్చిన గ్లాసు అక్కడే ఆగింది. ఛాయ్ మీద మీగడ కట్టింది. గ్లాసును బల్ల మీద పెట్టేశాడు.

రాంచందర్ తన ఛాయ్‌ని నేల మీద పోశాడు. మిగతావాళ్లు బండ్ల వైపు నడిచారు. మల్లేష్ హోటల్‌వాడికి డబ్బులిచ్చి, బండి తిప్పుకుని, అమ్జద్ పక్కన ఒక్క క్షణం ఆపాడు.

"నేనే సమజ్ చేస్కోలే అన్నా. అందరిది అంటే మీ అందరిదని."

కోపంగా అని ఉంటే అమ్జద్ తేలిగ్గా మరిచిపోయేవాడు. మల్లేష్ తన తప్పే అన్నట్టు అన్నాడు.

వానాకాలానికి ఫోన్‌లో ఆటో పిలిపించుకునే కంపెనీ ఒకటి మంచిర్యాల దాటి కాగజ్‌నగర్ దాకా వచ్చింది. మల్లేష్ అందులో చేరాడు. స్టేషన్ గోడ అవతల ఆగేవాడు. రైలు దిగినవాళ్లు ఫోన్ చూసుకుంటూ లైను పక్కనుంచే నడిచి అతని దగ్గరికి పోయేవారు. రాంచందర్ కొత్త కట్టుబాటు పెట్టాడు: ఫోన్ గిరాకీ ముట్టినవాడి నంబర్ పోతుంది, ఇంట్లో ఎవరికీ మళ్లీ రాదు.

ఒకసారి పెట్రోలు బంకు దగ్గర అమ్జద్ మల్లేష్‌ను బాగున్నావా అని అడిగాడు. మల్లేష్ నవ్వాడు. కంపెనీవాడు ప్రతి కిరాయిలో కోత పెడతాడట. రెండుసార్లు రానంటే ఆ పూటంతా పిలుపే రానివ్వడట.

"మీ లైన్‌ల రాంచందర్ కాకా కంటికైతే కన్పడ్తడు, తిట్టొచ్చు. నా సేటు ఎట్లుంటడో నాకే తెల్వదన్నా. నీ పుస్తకంల గీ తరీఖ ఉన్నదా?"

లేదు. ఆ పుస్తకం పాతది.

మొన్న ఒక మధ్యాహ్నం వాన పడుతుండగా సికింద్రాబాద్ రైలు వచ్చింది. అమ్జద్‌ది ముందు బండి. పొద్దున్నుంచి అదే చోట ఉన్నాడు. దిగినవాళ్లు దిగినట్టే వెళ్లిపోయారు. చివరికి పిల్లలతో, మూటలతో ఒక పెద్ద కుటుంబం బయటికొచ్చి, ఫోన్‌లో పిలిచిన మల్లేష్ బండి దగ్గర ఆగింది. సగం మందే పట్టారు. మిగతావాళ్లు వానలో తడుస్తున్నారు. మల్లేష్ బండి దిగి, తలమీద తువ్వాల వేసుకుని, తిన్నగా అమ్జద్ దగ్గరికి వచ్చాడు.

"అన్నా, వీళ్లను సగం నువ్ తీస్కపో. కిరాయి చెరి సగం. కంపెనీకి చెప్ప."

తనను రానివ్వనివాడితో పంచుకోవడానికి వచ్చాడు. ఏ పుస్తకమూ చదవలేదు.

అమ్జద్ అద్దంలో చూశాడు. వెనక బండ్లన్నీ అతన్నే చూస్తున్నాయి. రాంచందర్ వానలోనే బండి దిగి నిలబడ్డాడు. ముందు అద్దం మీద తండ్రి రాయించిన నంబర్ రంగు వెలిసి ఉంది. తాళంచెవి మీద చెయ్యి వేశాడు. ఒక చిన్న పిల్ల మూట నెత్తిన పెట్టుకుని ఇటే చూస్తోంది.

"లైన్‌ల ఉన్న తమ్మీ," అన్నాడు. తన గొంతు తనకే తండ్రి గొంతులా వినిపించింది.

మల్లేష్ వెనక్కి తిరిగాడు. రెండోసారి వచ్చి తీసుకుపోతానని ఆ కుటుంబానికి చెప్పి, సగం మందితో వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు అమ్జద్ బండి పక్కనే చూరు కింద నిలబడ్డారు. మల్లేష్ తిరిగొచ్చేదాకా వాళ్లు అక్కడే ఉన్నారు, అమ్జద్ కూడా అక్కడే ఉన్నాడు. అతని బండి ముందు ఇంకో బండి లేదు. రోడ్డు వంతెన దాకా ఖాళీగా ఉంది.